మీరుగారి అర్జీల పుస్తకం

మీరుగారి నోట ‘నువ్వు’ అనే మాట రాదు. రాదంటే రానే రాదు. నిన్న పుట్టిన పాపాయి మీరు, పాలు తాగిపోయిన పిల్లి మీరు, కాలికి గుచ్చుకున్న మేకు కూడా మీరే. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆయనకు ఏదో ఉండే ఉంటుంది. వీధిలో దాని అవసరం ఎవరికీ పడలేదు. ‘మీరుగారు’ అని మొదట ఎవరు పిలిచారో తెలియదు గానీ, విన్నప్పుడు ఆయన కాసేపు ఆలోచించి, “చివర గారు ఉంది కదండీ, ఫర్వాలేదు” అన్నారట.

ఒకసారి సందు మలుపులో కుక్క వెంటపడింది. “తమరు ఆగండి! దయచేసి ఆగండి! మీకూ నాకూ ఏ గొడవా లేదండీ!” అని అరుస్తూ పరిగెత్తారు. కుక్క నిజంగానే ఆగిపోయింది. పుట్టిన దగ్గర్నుంచీ రాళ్లు తప్ప మర్యాద ఎరగని కుక్క అది. ఆ పూట నుంచి ఆయన కనిపిస్తే తోక ఆడించి దారిచ్చేది.

ఇంకోసారి పక్కింటివాళ్ల పసిబిడ్డను చూడ్డానికి ఆసుపత్రికి వెళ్లారు. ఉయ్యాల మీదికి వంగి, “తమరు ఎప్పుడు విచ్చేశారండీ? దారిలో ఇబ్బందేం కలగలేదు కదా?” అని అడిగారు. బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. “నా రాక వారికి నచ్చినట్టు లేదు” అని మూడు అడుగులు వెనక్కి నడిచి, అప్పుడు వీపు తిప్పి బయటికొచ్చారు.

ఇదంతా వీధికి వినోదం. ఆయన భార్యకు మాత్రం కాపురం.

ఆవిడ టైలరమ్మ. పెళ్లయిన మర్నాడు ఆయన “మీరు టీ తాగుతారా?” అని అడిగితే, ఆవిడ వెనక్కి తిరిగి చూసింది, తన వెనకాల అత్తగారు గానీ వచ్చి నిలబడ్డారేమోనని. వెనక గోడ తప్ప ఎవరూ లేరు. ఆ గోడను తల్చుకుని ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. నవ్వు రాని రోజులు కూడా ఉన్నాయి. ముప్పై ఒక్కేళ్లలో ఒక్క పోట్లాటైనా నోరారా జరగలేదు. ఆవిడ గిన్నె విసిరితే ఆయన, “తమరు ఒట్టి మొండివారండీ!” అనేవారు. అదే ఆయన దగ్గరున్న పెద్ద తిట్టు.

“మీతో పోట్లాడితే ఆఫీసులో కాగితం ఇచ్చొచ్చినట్టుంటుంది. ముద్ర పడుతుంది, పని జరగదు” అనేది టైలరమ్మ.

వాళ్ల ముందు గదికి మధ్యన ఒక తెర ఉంటుంది. తెరకు ఇవతల కుట్టుమిషను, కత్తెరలు, గౌన్లు తొడిగి చూసుకునే తలలేని బొమ్మ. అవతల నల్లబల్ల, ఎనిమిది కుర్చీలు. ఓడల్లోనూ హోటళ్లలోనూ పనికి వెళ్లాలనుకునేవాళ్లకు మీరుగారు అక్కడ ఇంగ్లీషూ స్పానిషూ చెబుతారు. టైలరమ్మ చదివింది ఐదో తరగతే. అయినా ముప్పై ఏళ్లుగా తెర ఇవతల కూర్చుని మిషను తొక్కుతూ రెండు భాషల్నీ అటూ ఇటూగా కుట్టేసుకుంది.

“ఇంగ్లీషువాళ్లు చూడండి, ‘యూ’ అని ఒకే ఒక్క చొక్కా కుట్టించారు. రాజుగారికీ అదే, రాజుగారి గుర్రానికీ అదే” అని అవతల ఆయన పాఠం.

“ఒకే కొలత ఎవరికీ కుదరదు. చంకల్లో పట్టేస్తుంది” అని ఇవతల నుంచి ఈవిడ.

“తమరన్నది నిజమండీ. స్పానిష్ వాళ్ల దగ్గర రెండున్నాయి. చనువున్న వాళ్లకి ‘టూ’, గౌరవానికి ‘ఉస్తేద్’. వాళ్లలో ఒక చక్కని పద్ధతుంది. ఉస్తేద్ నుంచి టూకి రావాలనుకుంటే ముందు అడుగుతారు, ఇక మనం టూ అనుకుందామా అని. అవతలివారు సరే అంటేనే.”

మాటలు అంత బాగా చెప్పే మనిషి, ‘టూ’ అని పలికించాల్సి వచ్చినప్పుడల్లా కిటికీ వైపు తిరిగిపోయేవారు. ఆ మాట పొరపాటున ఎవరికైనా తగులుతుందేమోనని భయం.

“మాస్టారూ, మరి మీరు మమ్మల్ని ఎప్పుడు టూ అంటారు?” అని ఏనాడో ఒక విద్యార్థి వేళాకోళానికి అడిగాడు. ఆయనకు వేళాకోళం అర్థం కాదు. మర్నాడే నల్ల అట్ట పుస్తకం ఒకటి కొనుక్కొచ్చారు. ఆయన చేత నువ్వు అనిపించుకోవాలనుకునేవాళ్లు అందులో అర్జీ పెట్టుకోవాలి. ఆరు నెలలు ఆగాలి. మంజూరైతే టీ, బిస్కట్లు.

వీధికి ఇంతకన్నా పని ఏముంది? అందరూ పెట్టారు. పోస్ట్‌మాన్ పెట్టాడు, సెలూన్ ఆయన పెట్టాడు, పాలు పోసే ఆవిడ వేలిముద్ర వేసింది. ఆయన ప్రతి ఒక్కర్నీ కుర్చీలో కూర్చోబెట్టి, కళ్లజోడు సర్దుకుని అడిగేవారు.

“మిమ్మల్ని నువ్వు అని పిలిచేవాళ్లు ఎవరెవరున్నారండీ? ఎక్కడుంటారు? ఆరోగ్యంగానే ఉన్నారా?”

“ఎందుకు మాస్టారూ, సాక్షులా?” అనేవాళ్లు.

“అనుకోండి” అని రాసుకునేవారు.

పదకొండేళ్లయింది. ఒక్క అర్జీ కూడా మంజూరు కాలేదు. బిస్కట్ల డబ్బా మూత తియ్యలేదు.

టైలరమ్మ కూడా పెట్టింది, సరదాకే అని పైకి చెప్పింది. అమ్మ, ఇద్దరన్నయ్యలు, అక్క, పెద్దమ్మ, కూతురు, చిన్ననాటి నేస్తాలు ఆరుగురు, మొత్తం పన్నెండు పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. ఆయన రాసుకుని, “ఆలోచిద్దామండీ” అని పుస్తకాన్ని ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశారు. వీధిలో అందరి నడుం కొలతలూ ఆవిడకు తెలుసు. ఎవరు చిక్కారో ఎందుకు చిక్కారో, ఎవరి కోటు జేబులో ఏ ఉత్తరం ఉందో తెలుసు. తెలియనిది ఆ పుస్తకం ఒక్కటే. అదే ఆవిడ ప్రాణానికి గుచ్చుకున్న పిన్ను.

ఇక హెడ్డమ్మ సంగతి. మూలింట్లో ఉంటుంది. ఒకప్పుడు బడి హెడ్మిస్ట్రెస్. తొంభై ఒక్కేళ్లు. నలభై దాటి డెబ్బై లోపు వాళ్లు వీధిలో ఎవరైనా సరే, ఆవిడ చేతి దెబ్బ తిన్నవాళ్లే. మీరుగారూ తిన్నారు, ఏడో ఎక్కం రాక. ఆయనా మాస్టారయ్యాక మాత్రం ఆవిడ ఆయన్ను మీరు అనే అనేది. ఆవిడ అక్కగారు కూడా ఆ ఇంట్లోనే ఉండేది. ఇద్దరూ పొద్దున్న లేచి మొదలుపెడితే వీధికి గడియారం అక్కర్లేదు.

“ఒసేయ్ పొట్టీ, సూపులో ఉప్పెయ్యలేదే!” అని అక్కగారు.

“వేశానే గుడ్డిదానా! నాలుక కూడా పోయిందా నీకు?”

ఆ అక్కగారు పోయారు. పోయిన వారానికి హెడ్డమ్మ కర్ర పొడుచుకుంటూ తరగతికి వచ్చింది. పిల్లలందరూ లేచి నిలబడ్డారు. మీరుగారైతే చేతులు కట్టుకున్నారు. ఆవిడ పుస్తకం అడిగి, కళ్లు దగ్గరగా పెట్టుకుని అర్జీ రాసింది. మీరుగారు రెండు చేతులతో అందుకుని, “ఆరు నెలలండీ, టీచర్‌గారూ” అన్నారు. ఆవిడ తలూపి వెళ్లిపోయింది. వేళాకోళానికి పెట్టిందనుకుని తెర ఇవతల టైలరమ్మ నవ్వుకుంది.

ఆ తర్వాత నాలుగు నెలల్లో హెడ్డమ్మ మాటలు తగ్గాయి. తర్వాత తిండి తగ్గింది. డాక్టరొచ్చి నాడి చూసి, ఈవిడ గుండె నాకుంటే బాగుండునన్నాడు. జబ్బేమీ లేదు. గోడవైపు తిరిగి కూర్చుంటుంది, అంతే. ఒక సోమవారం ఆ ఇంటి వంటావిడ టైలరమ్మకు గౌను కొలతలిస్తూ కబురు చెప్పింది. పోయిన అక్కగారి కొడుకు ఫోన్ చేశాడట. ఆదివారం వస్తాడట. అప్పటికీ తిండీ మాటా లేకపోతే పిన్నిని ఇక ఒంటరిగా ఉంచనని, తమ ఊళ్లో వృద్ధాశ్రమంలో మంచం మాట్లాడేశానని.

“ఇల్లు కదిలిస్తే ఆవిడ బతకదమ్మా. ఆ కిటికీ, ఆ కుర్చీ తప్ప ఇంకేం ఎరగదు” అంది వంటావిడ.

టైలరమ్మ ఆ మాట ఆయన చెవిన వేసింది. మీరుగారు చేతిలో టీ అలాగే పట్టుకుని లేచి, ట్రంకు తెరిచి, నల్ల పుస్తకంలో ఒక పేజీ చాలాసేపు చూశారు. తాళం వేయడం కూడా మర్చిపోయి స్నానాలగదిలోకి వెళ్లారు. టైలరమ్మ ట్రంకు దాకా వెళ్లింది కూడా. సరిగ్గా అప్పుడే లోపల్నుంచి, చలికాలం పొద్దున స్కూటర్ స్టార్ట్ చేస్తున్నట్టు చప్పుడు మొదలైంది.

“ను... ను... ను... ఏ... ఏమే... తి... తిన్నావా?”

టైలరమ్మ చేతిలోంచి తాళం జారిపోయింది. ఏమే! ముప్పై ఒక్కేళ్ల కాపురంలో ఇంటి గోడలు కూడా వినని మాట. ఎవరా ఏమే? ఎక్కడుంటుంది? ఏం తినలేదట?

ఆ రోజు మిషను ఎటో, గుడ్డ ఎటో. ఒక చొక్కాకు రెండు చేతులూ ఒకవైపే కుట్టింది. మంగళవారం మధ్యాహ్నం నాలుగింటికి ఆయన తల దువ్వుకుని బయల్దేరగానే, మెళ్లో టేపు వేసుకుని వెనకే బయల్దేరింది. టేపు మెళ్లో ఉంటే టైలరమ్మ ఎక్కడ కనబడినా ఎవరూ ఎందుకని అడగరు. ఆయన తిన్నగా మూలింట్లోకి వెళ్లారు. ఈవిడ కిటికీ కింద నక్కింది.

లోపల హెడ్డమ్మ గోడవైపు తిరిగి ఉంది. మీరుగారు ఎదురుగా నిలబడి చెమటలు కక్కుతున్నారు.

“టూ” అన్నారు. “టూ... టూ.” స్పానిష్‌లో నోరు తిరుగుతోంది. హెడ్డమ్మకు స్పానిష్ రాదు. “యూ” అన్నారు. హెడ్డమ్మ కనుబొమ్మ ఒకటి లేచింది. నలభై ఏళ్లు ఇంగ్లీషు చెప్పిన మనిషి, ఆ యూలో ఎంత గౌరవం ఉందో వాసన పట్టేసింది. కనుబొమ్మ దిగిపోయింది. “ను... ను...” అని మీరుగారు మూడుసార్లు కొట్టుకుని, ఆఖరికి, “తమరు... తమరు నన్ను క్షమించాలి” అన్నారు.

కిటికీ కింద టైలరమ్మకు కోపం దిగిపోయి, దాని చోట కుతూహలం వచ్చి కూర్చుంది. ఆయన్ను గేటు దగ్గరే పట్టుకుంది.

“ఏమిటండీ ఇది?”

“ఆవిడ అర్జీ పెట్టారు. తనను నువ్వు అనేవాళ్లు ఒక్కరు మిగిలితే ఆవిడా పోయారని రాశారు. నేను మామూలుగా పెట్టెలో పడేశాను. తొంభై ఒక్కేళ్ల మనిషిని ఆరు నెలలు ఆగమన్నాను టైలరమ్మగారూ.”

“మీ పుస్తకం మండిపోనూ! అయితే అనెయ్యండి. ఎంతసేపు?”

“నోరు తిరగడం లేదండీ.”

“నా మీద అలవాటు చేసుకోండి. రండి. నువ్వు అనండి నన్ను.”

మీరుగారు రెండడుగులు వెనక్కి వేశారు. “అదెలా కుదురుతుందండీ! తమరి అర్జీ ఇంకా పరిశీలనలో ఉంది కదా!”

చివరికి సాధనకు దొరికింది గౌన్లు తొడిగే బొమ్మ. దానికి తల లేదు కాబట్టి మొహమాటం తక్కువ. బుధవారం దాన్ని, “నువ్వుగారూ” అన్నారు. గురువారం, “నువ్వు తిన్నారా” దాకా వచ్చింది. టైలరమ్మ కత్తెరతో బల్ల మీద కొట్టి, “తిన్నావా! వా! వా!” అని దిద్దేది. శుక్రవారం కళ్లు మూసుకుంటే మాట పూర్తిగా వస్తోంది. శనివారానికి, “ఒసేయ్, ఇలా రా!” అని బొమ్మను గద్దించగలిగారు. టైలరమ్మకు సంతోషమే. సంతోషం కింద కాస్త మంట కూడా ఉంది. నిన్నగాక మొన్న కొన్న బొమ్మకు దక్కింది, తనకు దక్కలేదు.

ఆదివారం పది గంటలకు అక్క కొడుకు కారు వచ్చింది. నెమ్మదైన మనిషి. ఆయనా చిన్నప్పుడు ఆవిడ దగ్గర చదువుకున్నవాడే కాబట్టి సొంత పిన్నిని కూడా మీరు అనే అంటాడు. సూట్‌కేసు సర్దేశారు. వీధంతా ఆ గదిలోనే ఉంది. వంటావిడ సూపు గిన్నె పట్టుకుని నిలబడింది.

“పిన్నీ, మీరు ఒక్క చెంచా తాగండి. మీరు తాగితే నేను ఒక్కణ్నే వెళ్లిపోతాను.”

“టీచర్‌గారూ, మీరు మా మాట వినండి” అన్నాడు సెలూన్ ఆయన.

“మీరు తినకపోతే ఎలాగమ్మా మీరు” అన్నాడు పోస్ట్‌మాన్.

మీరు, మీరు, మీరు. హెడ్డమ్మ కళ్లు మూసేసుకుంది. అక్క కొడుకు నిట్టూర్చి సూట్‌కేసు ఎత్తాడు.

మీరుగారు ముందుకొచ్చారు. కళ్లు మూసుకున్నారు. “ను...” అన్నారు. ఆగిపోయింది. ఇంతమంది ముందు మళ్లీ స్కూటర్ మొరాయించింది. “ను... తమ...” అంటుండగా వెనక నుంచి టైలరమ్మ మోచేత్తో ఒక్క పోటు పొడిచింది.

“ఒసేయ్ పొట్టీ!” అని గది అదిరేట్టు అరిచారు మీరుగారు. “నువ్వు తాగుతావా, నేనే నోట్లో పొయ్యనా?”

వంటావిడ చేతిలో గిన్నె సగం ఒలికిపోయింది. అప్పటికే నిలబడి ఉన్న పోస్ట్‌మాన్ ఎందుకో మళ్లీ లేవబోయాడు. అక్క కొడుకు సూట్‌కేసు తన కాలి మీదే పెట్టుకున్నాడు.

హెడ్డమ్మ మెల్లగా ఇటు తిరిగింది. గొంతు తుప్పు పట్టిన తలుపులా కిర్రుమంది.

“ఎవడ్రా నన్ను పొట్టీ అన్నది?”

“నేనే... నేనేనే!”

“ఏడో ఎక్కం రాని మొహం నీది. నువ్వా నన్ను అనేది?”

“రాదు! ఇప్పటికీ రాదు! అయితే ఏంటంట? నీకు స్పానిష్ వచ్చా?” మీరుగారు కళ్లు ఇంకా తెరవలేదు.

“నోర్ముయ్. ఆ చెంచా ఇటు తే.” ఒక గుక్క తాగి మొహం ముడిచింది. “ఉప్పు లేదు.”

నాలుగు నెలల తర్వాత ఆ ఇంట్లో సూపులో ఉప్పు లేకుండా పోయింది. వంటావిడ వంటింట్లోకి పరిగెత్తింది. అక్క కొడుకు సూట్‌కేసులో బట్టలు మళ్లీ అలమరలో పెట్టి, సాయంత్రం బస్సు టైము కూడా అడక్కుండా కారులో ఒక్కడే వెళ్లిపోయాడు. కారున్న మనిషి బస్సు టైము ఎందుకడుగుతాడని టైలరమ్మను ఎవరూ అడగలేదు. ఆవిడ ఈ కథ చెప్పేటప్పుడు అలాగే చెబుతుంది.

అప్పట్నుంచీ రోజూ నాలుగింటికి మీరుగారు మూలింటికి వెళ్తారు. అరగంట సేపు వీధి చివరి దాకా వినబడుతుంది. ముగించుకుని బయటికొచ్చి, గేటు దగ్గర పడుకున్న కుక్కతో, “తమరు కాస్త జరుగుతారా?” అంటారు.

వారం ఓపిక పట్టింది టైలరమ్మ. ఎనిమిదో నాడు ఆయనకు టీ తెచ్చి బల్ల మీద పెట్టి నిలదీసింది.

“హెడ్డమ్మకు మంజూరైంది. బొమ్మకు అర్జీ లేకుండానే మంజూరైంది. పదకొండేళ్ల నుంచి ఉన్నదాన్ని నేను. నా సంగతేంటి?”

ఆయన పుస్తకం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టారు.

గౌరవాల లెక్క ఉంటుందనుకుంది. అలాంటిదేమీ లేదు. పేజీకొక మనిషి. కింద, ఆ మనిషిని నువ్వు అనేవాళ్ల పేర్లు. పోయినవాళ్ల మీద సన్నగా గీత. కొత్తగా వచ్చినవాళ్ల పక్కన తారీఖు. పోస్ట్‌మాన్‌కు ఆరుగురు. సెలూన్ ఆయనకు తొమ్మిదిమంది. పాలావిడకు ముగ్గురే, పక్కన చిన్న అక్షరాలతో ‘కనిపెట్టి ఉండాలి’ అని. హెడ్డమ్మ పేజీలో ఒకే పేరు, దాని మీద గీత, ఆ కింద ఎర్ర సిరాతో ‘నేను’.

టైలరమ్మ తన పేజీ వెతుక్కుంది. అమ్మ మీద గీత ఉంది, పెద్దమ్మ మీద ఉంది. కింద ఎప్పటికప్పుడు చేరినవి ఉన్నాయి. అల్లుడి చెల్లెలు. గుండీల కొట్టు ఆవిడ, ‘బాగా చనువైంది’. మనవరాలు, ‘మాటలొచ్చాయి’. పోయినవాళ్లు పోగా పన్నెండు మందీ పదమూడయ్యారు. ఎవరెవరు తనను ఏమంటారో ఇంత శ్రద్ధగా తనే గమనించలేదు.

“తమరికి ఇంకా పదమూడు మంది ఉన్నారండీ. నాతో అవసరం పడలేదు, పడకూడదు కూడా. కాబట్టి అర్జీ తోసిపుచ్చుతున్నాను” అన్నారు మీరుగారు.

టైలరమ్మ ఇంకా పేజీలు తిప్పింది. చిట్టచివరి పేజీ ఆయనది. ముప్పై ఒక్కేళ్లుగా తాను మీరు అంటుంది. కూతురు మీరు అంటుంది. మనవరాలు కూడా ‘తాతగాలూ, లండి’ అనే అంటుంది. వీధంతా ఆయన్ను మీరుగారనే పిలుస్తుంది. పేజీ మొన్నటి దాకా ఖాళీయే. ఇప్పుడు మాత్రం, పోయిన ఆదివారం తారీఖుతో, ‘టీచర్‌గారు’ అని ఒక పేరు.

టైలరమ్మ పుస్తకం మూసి ఆయన ముందు పెట్టింది. మిషను దగ్గరకు వెళ్లి కూర్చుంది. సూదిలో దారం ఎక్కిస్తూ, తల ఎత్తకుండా అంది.

“టీ చల్లారిపోతోంది. తాగు.”

మీరుగారు గభాలున వెనక్కి తిరిగి చూశారు, తన వెనకాల ఎవరొచ్చారోనని.

వెనకాల బొమ్మ తప్ప ఎవరూ లేరు.